ఆఫీసులో ఒక బాస్, ప్లేట్లో ఇంకో బాస్

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. ఆయనకి 41 ఏళ్లు. ఒకే కంపెనీలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నారు. కిందటేడు టీమ్ లీడర్ పోస్టు ఖాళీ అయినప్పుడు అది తనకే వస్తుందని ఇంట్లోనూ బంధువుల్లోనూ చెప్పుకున్నారు. చివరికి అది తాను దగ్గరుండి పని నేర్పిన కుర్రాడికి వెళ్లింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అయిదున్నరకి ఆ కుర్రాడు పెట్టే మీటింగ్‌లో, పదిమంది ముందు, "ఇది ఇంకా ఎందుకు అవ్వలేదు?" అంటే ఈయన జవాబు చెప్పుకోవాలి. నిన్నమొన్నటిదాకా "సార్" అన్నవాడు ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నాడట. అది ఉత్తరంలో మూడుచోట్ల రాశారు.

ఇదే సమయంలో రక్తపరీక్షలో షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ ఇలాగే ఉంటే వస్తుంది, బరువు తగ్గండి అన్నారు డాక్టర్. అప్పటికి ఈయన 86 కిలోలు. ఫోన్లో ఒక డైట్ యాప్ వేసుకుంటే అది రోజుకి 1,200 కేలరీలు అని లెక్క కట్టి ఇచ్చింది. పొద్దున కాఫీతో సరి. మధ్యాహ్నం డెస్క్ దగ్గరే చిన్న బాక్సులో కూరగాయ ముక్కలు. మొదట్లో నాలుగు కిలోలు తగ్గారు. ఇప్పుడు 88 ఉన్నారు.

ఆ తర్వాత సంగతి ఆయన మాటల్లోనే: "ఆఫీసు నుంచి వచ్చి మా అపార్ట్‌మెంట్ కింద స్కూటర్ ఆపుతాను. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించి, సీటు మీదే కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ చింపుతాను. ఒక్కోటీ కాదు, రెండేసి కలిపి నోట్లో పెట్టుకుంటాను. రుచి కూడా తెలియదు. మీటింగ్‌లో అనాలనుకుని అనలేకపోయినవన్నీ అప్పుడు లోపల అనుకుంటుంటాను. అయిపోయాక కవర్ మడిచి డిక్కీలో అడుగున దోపి, చొక్కా మీద పొడి దులుపుకుని పైకి వెళ్తాను. పైన మా ఆవిడ నాకోసం విడిగా చేసిన డైట్ భోజనం ఉంటుంది. అదీ తింటాను." మీటింగ్ మరీ చేదుగా జరిగిన రోజుల్లో రెండు ప్యాకెట్లు, చిప్స్ కూడా.

మొన్న పదేళ్ల కూతురు డిక్కీలో రెయిన్‌కోటు వెతుకుతూ ఆ కవర్లు పట్టుకొచ్చి "నాన్నా, ఇవన్నీ ఎవరివి?" అని అడిగింది. "ఆఫీసులో వాళ్లవి" అన్నారట. ఆ అబద్ధం నిలవనీయకే ఉత్తరం రాశానన్నారు. రాత్రి పన్నెండు దాటేదాకా ఆఫీసు మెయిల్స్ చూడటం, అయిదున్నర గంటల నిద్ర. ఆయన అడిగినవి మూడు: నాకు విల్‌పవర్ లేదా? ఈ ఉద్యోగం వదిలితే తప్ప నేను తగ్గనా? డైట్ మానేస్తే ఓడిపోయినట్టేనా?

మీ ఉత్తరంలో నేను మీ మెనూ కన్నా మీ టైమ్‌టేబుల్ ఎక్కువ చూశాను. రాత్రి తొమ్మిదింటికి భోజనం. పొద్దున కాఫీ. ఒంటిగంటకి నాలుగు ముక్కలు. అయిదున్నరకి మీటింగ్. ఏడున్నరకి స్కూటర్. అంటే రాత్రి భోజనం నుంచి ఆ స్కూటర్ దాకా దాదాపు 22 గంటల్లో మీ కడుపులో కడుపునిండా అన్నది ఒక్కసారీ పడలేదు. అప్పుడు ప్యాకెట్ చింపిన మనిషిని మీరు "కంట్రోల్ లేనివాడు" అంటున్నారు. నాకు కనిపిస్తున్నది ఆకలేసిన మనిషి. ఆఫీసు, కోపం, అవమానం అన్నీ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ వరసలో ముందున్నది ఆకలి. దాన్ని దాటేసి మనసు గురించి ఎంత మాట్లాడుకున్నా రేపు సాయంత్రం మళ్లీ అదే జరుగుతుంది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో తిండి లేక చిక్కిపోయిన జనానికి మళ్లీ ఎలా తినిపించాలో తెలుసుకోవడం కోసం. 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులు తమంతట తామే ముందుకొచ్చారు. 24 వారాలపాటు వాళ్లకి ఇచ్చింది రోజుకి సుమారు 1,570 కేలరీలు. చదువుకున్నవాళ్లు, ఒక ఆశయం కోసం వచ్చినవాళ్లు. అలాంటివాళ్లు కొన్ని వారాలు గడిచేసరికి పగలంతా తిండి గురించే మాట్లాడుకోవడం, వంటల పుస్తకాలు తిరగేయడం, చిన్నదానికే చిరాకుపడటం మొదలుపెట్టారు. మీ యాప్ మీకిచ్చిన లెక్క 1,200. వాళ్లకి తగ్గించుకోవాల్సిన కొవ్వు లేదు, వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిపించేవారు కూడా, కాబట్టి వాళ్లూ మీరూ ఒకటేనని నేననను. కానీ తిండి బాగా తగ్గినప్పుడు మనిషి బుర్రనిండా తిండే ఉండటం, ముక్కు మీద కోపం ఉండటం గుణలోపం కాదని ఆ ప్రయోగం చూపించింది. మీటింగ్‌లో ఆ కుర్రాడి మాట మిమ్మల్ని అంతగా పొడవడానికి కారణం సగం అతని మాటే కావచ్చు, ఇంకో సగం మీ ఖాళీ కడుపు.

ఇప్పుడు రెండో సంగతి. ఆఫీసులో ఒకరు మీ పని లెక్క అడుగుతారు. ఫోన్లో యాప్ మీ తిండి లెక్క అడుగుతుంది. పొద్దున లేవగానే వెయింగ్ మెషీన్ ఒక అంకె చూపించి నిలదీస్తుంది. రాత్రి మీ ఆవిడ మీ ప్లేటు వైపు చూస్తారు, ప్రేమతోనే అనుకోండి. మీ డైట్ మీకు ఇంకో బాస్ అయి కూర్చుంది: గంట గంటకీ రిపోర్టు, తప్పితే తిట్లు, బాగా చేసిన రోజున మెచ్చుకోలు మాత్రం లేదు. రోజు మొత్తంలో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని సమయం మీకు ఎక్కడుంది? స్కూటర్ సీటు మీద పది నిమిషాలు. బిస్కెట్ రుచి తెలియట్లేదని మీరే రాశారు. రుచి తెలియనిదాని కోసం రోజూ ఆగుతున్నారంటే ఆగుతున్నది బిస్కెట్ కోసం కాదు. మీ మీద మీకు పెత్తనం ఉన్న ఆ పది నిమిషాల కోసం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "రేపట్నుంచి బిస్కెట్లు బంద్" అని మీరు ఇప్పటికి చాలాసార్లు అనుకుని ఉంటారు. బిస్కెట్లతో పాటు ఆ పది నిమిషాలూ పోతాయి. దాని బదులు ఏమీ పెట్టకుండా తీసేస్తే మూడోరోజుకో అయిదోరోజుకో అది ఇంకో రూపంలో తిరిగి వస్తుంది.

విల్‌పవర్ సంగతి. పొద్దుట్నుంచి అణచుకుని అణచుకుని సాయంత్రానికి విల్‌పవర్ ఖర్చైపోతుందని ఒక సిద్ధాంతం 1998లో బాగా ప్రచారంలోకి వచ్చింది. వినడానికి మీ కథలాగే ఉంటుంది. కానీ 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండువేల మందికి పైగా మనుషుల మీద దాన్ని మళ్లీ పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకని "మీ విల్‌పవర్ సాయంత్రానికి అయిపోతోంది పాపం" అని నేను ఊరడించను. నన్నడిగితే మీ విల్‌పవర్ నిక్షేపంలా ఉంది. అంత చేదు మీటింగ్‌లో రోజూ నోరు మూసుకుని కూర్చోవడానికి ఎంత కావాలో ఆలోచించండి.

అయితే ఒక చోట మాత్రం మీ ఆలోచనే మిమ్మల్ని దెబ్బతీస్తోంది. "ఒక్క ప్యాకెట్ ఎలాగూ అయిపోయింది, ఈ రోజు డైట్ పోయినట్టే, ఇంక ఏం తింటే ఏం" అని రాశారు. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పట్టుకున్నారు. కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తర్వాత రుచి చూసే పరీక్ష పేరుతో ఐస్‌క్రీమ్ ముందు పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ తిండి కట్టడిలో ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక, తాగనప్పటి కన్నా ఎక్కువ తిన్నారు. నియమం ఒకసారి తప్పింది కాబట్టి ఇంక ఆ రోజుకి నియమమే లేదు. మీ చిప్స్ ప్యాకెట్ అక్కడి నుంచే వస్తోంది. నియమం ఎంత బిగువుగా ఉంటే అది తప్పడం అంత తేలిక, తప్పినప్పుడు పడేది అంత ఎక్కువ.

నిద్ర కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో డైట్‌లో ఉన్న కొందరిని రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. తిండి మార్చలేదు. రెండుసార్లూ తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే. కానీ నిద్ర తక్కువైనప్పుడు తగ్గినదాంట్లో కొవ్వు వాటా, బాగా పడుకున్నప్పటితో పోలిస్తే సగం కూడా లేదు, మిగతాది కండ వగైరా. ఆకలి కూడా ఎక్కువే వేసింది. పాల్గొన్నది పదిమందే కాబట్టి అదే వేదమని చెప్పను. కానీ మీరు పడుకునేది సరిగ్గా ఆ అయిదున్నర గంటలే. అర్ధరాత్రి మెయిల్‌కి మీరిచ్చే జవాబు ఎవరికీ అంత అవసరం లేదని నా అనుమానం.

ఇప్పుడు తిండి విషయంలో మీ ముందున్న దారులు. డైట్ మానేయడం, ఇప్పటిలాగే లాగించడం అన్న రెండే మీకు కనిపిస్తున్నాయి. మధ్యలో ఇంకో రెండు ఉన్నాయి.

ఒకటి, రెండు మూడు నెలలపాటు బరువు తగ్గాలన్న మాటే పక్కన పెట్టడం. పొద్దున తినడం, మధ్యాహ్నం సరిగా తినడం, మీటింగ్‌కి ముందు అయిదింటికి ఏదో ఒకటి తినడం. ఒక పండు, గుప్పెడు గింజలు, ఉడికించిన గుడ్డు, ఏదైనా సరే. ఈ దారిలో లక్ష్యం ఒకటే, 88 దాటకపోవడం. మొదటి వారంలో మెషీన్ మీద ఒక కిలో అటూ ఇటూ కదులుతుంది, అది చాలావరకు నీళ్లే, కంగారుపడకండి. ఇందులో లాభం, సాయంత్రపు ఆకలి తగ్గితే అప్పుడు మిగిలేది ఎంతో మీకు తెలుస్తుంది: ఇందులో ఆకలి ఎంత, కోపం ఎంత అని. నష్టం కూడా చెప్పాలి. షుగర్ అంకె దీనివల్ల పెద్దగా దిగకపోవచ్చు, మీ డాక్టర్‌కి ఇది నచ్చకపోవచ్చు. భోజనం అయ్యాక కాసేపు నడిస్తే తిన్న వెంటనే పెరిగే షుగర్ కొంత తగ్గుతుంది కాబట్టి అదొక్కటి కలుపుకోండి.

రెండోది, నెమ్మదిగా తగ్గడం. ఇప్పుడు మీ ఒంటికి రోజుకి ఎన్ని కేలరీలు కావాలో డైటీషియన్ దగ్గర లెక్క కట్టించుకుని అందులో ఓ 500 తగ్గించుకుంటే మొదట్లో వారానికి సుమారు అర కిలో దిగుతుంది, పోనుపోను ఇంకా నెమ్మదిస్తుంది. మొదటి నెలలో నాలుగు కిలోలు చూసిన కళ్లకి ఇది ఆనదు. ఆనకపోవడమే ఇందులో కష్టం. కానీ మీరు చేరాల్సిన చోటు మీరనుకున్నంత దూరంలో లేదు. అమెరికాలో మూడువేల మందికి పైగా, మీలాగే షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం, వాళ్లు పెట్టుకున్న లక్ష్యం అంతే. దాదాపు మూడేళ్లలో షుగర్ వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. అదే పరిశోధనలో షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గినది 31 శాతం. మీ 88లో 7 శాతం అంటే ఆరు కిలోల పైచిలుకు. కాలేజీ రోజుల ప్యాంటులో పట్టాలన్న కోరిక కూడా ఉత్తరంలో ఒక మూల ఉంది. ఉండనివ్వండి, దానికీ మీ లివర్‌కీ షుగర్‌కీ సంబంధం లేదు.

1,200తోనే కొనసాగుతానంటే అదీ మీ ఇష్టమే, కాకపోతే యాప్‌ని నమ్ముకుని ఒంటరిగా కాకుండా డాక్టర్ కనుసన్నల్లో చేయాలి. 100 గ్రాముల బిస్కెట్లలో సుమారు 450 నుంచి 500 కేలరీలు ఉంటాయి. పొద్దున టిఫిన్ మానేసి మిగిల్చింది సాయంత్రం వడ్డీతో సహా కడుతున్నారు. ఈ ఆఫీసుతో, ఈ నిద్రతో ఆ లెక్క మారదనే నా అభిప్రాయం.

ఇక్కడ ఆగి ఒక మాట. దాచుకుని తినడం, తింటున్నప్పుడు ఆపలేకపోవడం, తిన్నాక అసహ్యం. ఇవి వారానికి ఒక్కసారైనా, మూడు నెలలుగా, మామూలుగా చాలామంది తినేదానికన్నా బాగా ఎక్కువ మోతాదులో జరుగుతుంటే మానసిక వైద్యులు దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013 నుంచి అది వాళ్ల రోగనిర్ధారణ పుస్తకంలో విడిగా ఉంది. మీది అదేనని ఉత్తరం చూసి నేను చెప్పను, చెప్పకూడదు. ఆకలితో ఒక ప్యాకెట్ తినడం వేరు, ఇది వేరు. కానీ మూడు పూటలా సరిగా తింటూ ఓ నెల గడిచాక కూడా ఆ రెండు ప్యాకెట్ల రోజులు అలాగే వస్తుంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. దానికి మంచి చికిత్స ఉంది, మాటలతో చేసేది. ఆ స్థితిలో కఠినమైన డైట్ చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ, కాబట్టి అది తేలేదాకా బరువు మాట పక్కన పెట్టాలి.

ఇక ఆఫీసు. మీ ఉత్తరంలో రెండు వేరువేరు బాధలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ప్రమోషన్ రాకపోవడం ఒకటి. రోజూ పదిమంది ముందు నిలబడాల్సి రావడం ఇంకొకటి. మొదటిది జరిగిపోయింది. రెండోది రోజూ జరుగుతోంది. మొదటిదానికి కోపం ఆ కుర్రాడి మీద పెట్టుకున్నారు, కానీ పోస్టు అతను లాక్కోలేదు, పైవాళ్లు ఇచ్చారు. నాలుగు పేజీల ఉత్తరంలో ఆ పైవాళ్లని మీరు "ఎందుకు?" అని అడిగినట్టు ఒక్క వాక్యం కూడా లేదు.

అడిగితే ఏమవుతుంది? "నాకెందుకు ఇవ్వలేదు?" అంటే ఫిర్యాదులా వినిపిస్తుంది, వాళ్లు సర్దిచెప్పి పంపేస్తారు. "వచ్చేసారి ఇలాంటి పోస్టుకి నన్ను చూడాలంటే నాలో మీకు ఏం కనిపించాలి?" అని అడగండి, అదీ పొద్దున పూట, తిని వెళ్లి. స్పష్టంగా ఏదైనా చెప్తే దాని మీద పనిచేయొచ్చు. నీళ్లు నమిలితే అదీ జవాబే, ఇక్కడ మీకు పైకి దారి లేదని. మూడోది కాస్త కష్టం: మీరు పని బాగా చేస్తారు గానీ మనుషుల్ని నడిపించలేరని వాళ్లు ముఖాన చెప్పొచ్చు. అది కొన్ని రోజులు గుచ్చుతుంది. ఆ రోజుల్లో ఎక్కువ తింటారు కూడా. ముందే తెలిసి ఉంటే మంచిదని చెప్తున్నా.

ఆ కుర్రాడితో విడిగా మాట్లాడటం ఇంకో దారి. తనకి పని నేర్పిన మనిషి మీద అజమాయిషీ చేయాల్సి రావడం అతనికీ కొత్తే. ఆ ఇబ్బంది కప్పుకోవడానికే గొంతు పెంచుతున్నాడేమో, కాకపోవచ్చు కూడా. పేరు పెట్టి పిలవడం గురించి ఎత్తకండి, అక్కడ మీరు గెలవలేరు, గెలిచినా చిన్నబోతారు. "మీటింగ్‌కి పది నిమిషాల ముందు నా లిస్టు మనిద్దరం ఒకసారి చూసుకుందాం, అక్కడ టైమ్ కలిసొస్తుంది" అనండి. ఒప్పుకుంటే అందరి ముందు నిలదీసే అవసరమే తగ్గుతుంది. ఒప్పుకోకపోతే అతను కావాలనే చేస్తున్నాడని తేలుతుంది, అప్పుడు పైవాళ్లకి చెప్పడానికి మీ దగ్గర ఒక ఆధారం ఉంటుంది. మీరు లొంగిపోయారని అతను అనుకునే ప్రమాదం ఉంది, కాదనను.

ఒత్తిడికీ మీ బరువుకీ సంబంధం మీ ఊహ కాదు. 1985లో లండన్‌లో పదివేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగుల మీద మొదలైన వైట్‌హాల్-2 అనే పరిశీలనలో, పని బరువు ఎక్కువై ఆ పని మీద తన మాట చెల్లుబడి తక్కువైనప్పుడు ఏం జరుగుతుందో చూశారు. మగవాళ్లలో ముందునుంచీ సన్నగా ఉన్నవాళ్లు ఇంకా తగ్గారు, లావుగా ఉన్నవాళ్లు ఇంకా పెరిగారు. అందుకే "నాకు టెన్షన్ అయితే తిండి ఎక్కదు" అనే మీ కొలీగ్‌తో మిమ్మల్ని పోల్చుకోవద్దు. అతని ఒళ్లు వేరు. ఇంకో మాట: బర్నౌట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడాన్ని, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కొత్త జాబితాలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, పని వల్ల వచ్చే పరిస్థితి అంది. పని వల్ల వచ్చినదాన్ని ప్లేటులో సరిచేయలేం.

మరి ఉద్యోగం వదిలేయాలా? ఇంటి లోను ఇంకా ఉందన్నారు. చేతిలో ఇంకోటి లేకుండా వదిలితే సాయంత్రం మీటింగ్ ఉండదు, నిజమే. ఫ్రిజ్ మాత్రం పగలంతా అందుబాటులో ఉంటుంది, లోను టెన్షన్ కూడా తోడవుతుంది. వేరే కంపెనీకి మారితే మొదటి ఆరు నెలలు అక్కడ పేరు తెచ్చుకునే హడావిడి, అదీ డైట్‌కి అంత అనువైన కాలం కాదు. కాబట్టి "ఉద్యోగం మారితే తగ్గిపోతా" అనుకుని మాత్రం మారకండి. మారాలనిపిస్తే ఉద్యోగం కోసమే మారండి. వెతకడానికైతే అడ్డేమీ లేదు. 11 ఏళ్లుగా తిరగేయని రెజ్యూమె ఒకసారి తీయండి, ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. బయట మీ విలువ ఎంతో తెలిస్తే అయిదున్నర మీటింగ్‌లో కూర్చునే తీరే మారొచ్చు. ఎక్కడా పిలుపు రాకపోతే ఆ దిగులు కూడా మోయాల్సి వస్తుంది, ఇది కూడా లెక్కలో వేసుకుని దిగండి. లేదంటే అదే కంపెనీలో వేరే విభాగం. లేదంటే ఇక్కడే ఉండి, జీతానికి తగ్గ పని శుభ్రంగా చేసి, రాత్రి ఫోన్ పక్కన పెట్టేయడం. ఈ చివరిదాన్ని చాలామంది ఓటమి అనుకుంటారు. నాకలా అనిపించదు, కనీసం ఏడాది పాటు.

ఆ పది నిమిషాల గురించి. అవి మీకు కావాలి, ఉంచుకోండి. కింద స్కూటర్ మీద కాకుండా ఎక్కడ అన్నదే ప్రశ్న. ఇంటికి రాగానే "ఓ పది నిమిషాలు నన్నేమీ అడగొద్దు" అని చెప్పి బాల్కనీలో కూర్చోవడం కావచ్చు, బండి పెట్టి వీధి చివరిదాకా నడిచి రావడం కావచ్చు. మీటింగ్‌లో అనలేని మాటలు మీకు ఎలాగూ వస్తున్నాయి కదా, వాటిని ఫోన్లో రాసుకుని పడుకునేముందు చెరిపేయండి. ఎవరికీ పంపకండి. ఇక బిస్కెట్టే కావాలనిపిస్తే ఇంటికి తెచ్చి ప్లేటులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, అందరి ముందూ తినండి. వినడానికి వింతగా ఉంటుంది, కానీ దాచుకుని తిన్నదానికి లెక్క ఉండదు, రుచీ ఉండదు. ప్లేటులో నాలుగు కనిపిస్తాయి.

అందుకు మీ ఆవిడతో ముందు మాట్లాడాలి, లేకపోతే ఆ ప్లేటు మీద పెద్ద గొడవే అవుతుంది. ఆవిడ రోజూ రెండు వంటలు చేస్తున్నారు. కింద జరిగేది ఆవిడకి తెలియదు, బరువు ఎందుకు తగ్గట్లేదో అర్థంకాక ఇంకాస్త కాపలా కాస్తున్నారు. చెప్పినప్పుడు బాధపడతారు, "ఇన్నాళ్లూ నేను విడిగా వండింది దేనికి?" అని అడుగుతారు. అడగనివ్వండి. ఆ తర్వాత మీకు ఏం కావాలో చెప్పండి: విడిగా వంట వద్దు, అందరూ తినేదే కాస్త తక్కువ తింటాను, ప్లేటు వైపు చూడొద్దు, పొద్దున తినకుండా బయల్దేరితే మాత్రం ఆపు. ఆవిడకీ ఒక పని తగ్గుతుంది. చెప్పకుండా లాగించాలనుకుంటే లాగించొచ్చు, చాలామంది లాగిస్తారు. కానీ అప్పుడు పైన చెప్పిన దారుల్లో ఏదీ మీ ఇంట్లో నడవదు.

అమ్మాయికి కూడా చెప్పేయండి, అంత పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. "ఆ రోజు అడిగావు కదా, ఆ కవర్లు నావే. ఆఫీసు నుంచి వచ్చేసరికి బాగా ఆకలేసి తినేస్తున్నా, చెప్పడానికి సిగ్గేసింది. ఇకనుంచి పొద్దున తిని వెళ్తా" అంటే చాలు. పదేళ్ల పిల్లకి ఇది చక్కగా అర్థమవుతుంది. ఆఫీసు గొడవ, బరువు, షుగర్ ఇవేవీ ఆ పిల్ల నెత్తిన పెట్టకండి. ముఖ్యంగా "నేను లావైపోయాను, ఛీ" లాంటి మాటలు ఆమె ముందు వద్దు. ఈ వయసులో పిల్లలు తమ ఒంటిని ఎలా చూసుకోవాలో ఇంట్లో పెద్దవాళ్ల మాటల నుంచే నేర్చుకుంటారు.

డాక్టర్ దగ్గరికి ఈసారి వెళ్లినప్పుడు బరువు ఒక్కటే కాకుండా నిద్ర, సాయంత్రం తినే తీరు కూడా చెప్పండి. ఇంట్లోవాళ్లు మీరు గట్టిగా గురక పెడతారని, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందని అంటుంటే అదీ చెప్పండి, దానికి విడిగా పరీక్ష ఉంటుంది. హెచ్‌బీఏ1సీ మాత్రం నెలకోసారి చేయించుకోవాలని ఆత్రపడకండి. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు, ఆ పరీక్ష చూపించేది గడిచిన రెండు మూడు నెలల సగటు. ఏ దారి ఎంచుకున్నా అది మొదలుపెట్టిన తేదీ రాసుకుని మూడు నెలలకి చేయించండి.